సూది గుచ్చుకుంటే దాచొద్దమ్మా

ప్రశ్న: మేడమ్‌కు నమస్కారం. మాది డోన్ దగ్గర పల్లె. ఆర్నెల్ల కోర్సు చేసి, కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పేషంట్ కేర్ టెక్నీషియన్‌గా చేరి ఎనిమిది నెలలైంది. నైట్ డ్యూటీలో 14 బెడ్లు నేనూ ఒక సిస్టరూ చూసుకుంటాం. షిఫ్టుకు రెండు జతల గ్లవ్స్ ఇస్తారు. వాటి మీదే శానిటైజర్ పూసుకుని అందరికీ వాడమంటారు. ఏ పేషంటుకు హెచ్‌ఐవీ ఉందో, ఎవరికి పచ్చకామెర్లు ఉన్నాయో మాకు చెప్పరు. చెబితే జాగ్రత్తగా ఉంటాం కదా? పది రోజుల కిందట ట్రే సర్దుతుంటే కాటన్ కింద ఉన్న సూది వేలికి గుచ్చుకుంది. గట్టిగా పిండి రక్తం తీసేసి స్పిరిట్ పెట్టుకున్నాను. ఉద్యోగం పోతుందేమోనని ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. నేను రాగానే పరిగెత్తుకొస్తుంది, మా అత్త ముట్టుకోనివ్వదు. నేనేం చేయాలి?
పేరు వేయొద్దు, కర్నూలు

సమాధానం:

అమ్మా, మా చిన్నమ్మాయి వయసు ఉంటుందేమో నీకు. అందుకే నువ్వు అనే రాస్తున్నాను. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం, సూది సంగతి మాత్రం ముందు తేలాలి.

ఇది చదివిన మర్నాడే పెద్దాసుపత్రికి, అదే కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు వెళ్ళు. అక్కడ హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఉంది. హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కూడా అక్కడే జరుగుతాయి. "నేను ఆసుపత్రిలో పనిచేస్తాను, డ్యూటీలో సూది గుచ్చుకుంది" అని చెప్పు, చాలు. ఈ మాట వాళ్ళకు కొత్త కాదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి మూడింటికీ రక్తపరీక్ష చేయించుకో. నువ్వు పచ్చకామెర్లు అన్నావే, రక్తం ద్వారా అంటుకునే ఆ కాలేయ జబ్బులే ఈ హెపటైటిస్‌లు. ఇప్పుడు చేసే పరీక్ష చాలావరకు గుచ్చుకోకముందు నీ రక్తం ఎలా ఉండేదో చెబుతుంది. ఆ కాగితాలు పారేయకు. రేపు ఏదైనా తేడా వస్తే, ఇది డ్యూటీలోనే వచ్చిందని చూపించడానికి అవే ఆధారం. మళ్ళీ ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు పరీక్ష ఉంటుంది. అవి పూర్తయ్యేదాకా రక్తదానం చేయొద్దు. భర్తతో కలిసేటప్పుడు కండోమ్ వాడాలి. ఆయనకు ఎలా చెప్పాలో తెలియకపోతే అక్కడి కౌన్సెలర్ ముందు కూర్చోబెట్టి చెప్పించు.

హెచ్‌ఐవీ రాకుండా 28 రోజులు వేసుకునే మందులు ఉన్నాయి. వాటిని రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటాక ఉపయోగం లేదు. నీకు ఆ గడువు దాటిపోయింది. నిన్ను బాధపెట్టాలని ఈ మాట రాయడం లేదు. నీ పక్కన పనిచేసే మరో పిల్ల ఇలాగే నోరు మూసుకుని ఆ గంటలు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

నీ నిద్ర కోసం కొన్ని లెక్కలు చెబుతాను. హెచ్‌ఐవీ ఉన్న మనిషి రక్తమంటిన సూది గుచ్చుకున్నా, 1000 మందిలో సుమారు ముగ్గురికే అది సోకుతుంది. హెపటైటిస్ సి అయితే 100కు ఇద్దరి లోపే. హెపటైటిస్ బి మాత్రం టీకా వేసుకోనివాళ్ళలో 100కు 6 నుంచి 30 మందికి రావచ్చు. ఇదంతా ఆ పేషంటుకు ఆ జబ్బు ఉంటేనే. అందరం హెచ్‌ఐవీ పేరు చెప్పి వణుకుతాం. అంతకన్నా ఎన్నో రెట్లు తేలిగ్గా అంటుకునే జబ్బుకు టీకా చేతిలో ఉన్నా వేయించుకోం.

నీ ఉత్తరంలో టీకా మాటే లేదు. అంటే వేయలేదనే అనుకుంటున్నాను. ఆలస్యమైనా సరే, రేపే మొదటి డోసు వేయించుకో. నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మూడో డోసు అయిన ఒకటి రెండు నెలలకు టీకా పనిచేసిందో లేదో చూడటానికి యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ అనే రక్తపరీక్ష చేయిస్తారు. అది 10 గానీ అంతకు మించి గానీ ఉంటే నీకు రక్షణ వచ్చినట్టు. ఈ ఖర్చు నీ జీతంలోంచి పెట్టాల్సిన పని లేదు. 2016 నాటి బయోమెడికల్ వేస్ట్, అంటే ఆసుపత్రి వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఆ వ్యర్థాలు ముట్టుకునే సిబ్బంది అందరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించడం యాజమాన్యం బాధ్యత. తగినన్ని గ్లవ్స్, మాస్కులు ఇవ్వడం, ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడూ ఆ తర్వాత ఏడాదికోసారీ ఆరోగ్య పరీక్ష చేయించడం కూడా అందులోనే ఉన్నాయి. డాక్టరుకు ఎంతో నీకూ అంతే.

ఇంకో మాట. వేలు పిండకూడదమ్మా. పిండితే రక్తం వస్తుంది గానీ క్రిమి రాదు, పైగా ఆ చోటు నలిగిపోతుంది. స్పిరిట్, బ్లీచింగ్ లాంటివి పోయకూడదు. వేలు నోట్లో పెట్టుకోకూడదు. కుళాయి కింద సబ్బుతో బాగా కడుక్కుని, వెంటనే సిస్టర్‌కు చెప్పాలి. కంట్లో చిమ్మితే మంచినీళ్ళతో చాలాసేపు కడగాలి. అంతే.

నువ్వు ఎందుకు చెప్పలేదో నాకు బాగా తెలుసు. నాకు 23 ఏళ్ళప్పుడు, రాయలసీమలోనే ఒక ఆసుపత్రిలో, ఇంజెక్షన్ ఇచ్చి సూదికి మూత పెడుతుంటే బొటనవేలికి దిగింది. ఇన్‌చార్జి సిస్టర్ నలుగురిలో తిడుతుందని భయం. ఎవరికీ చెప్పలేదు. ఆర్నెల్లు అన్నం సయించలేదు, జ్వరం వస్తే చాలు అదేనేమో అనుకునేదాన్ని. నాకేమీ కాలేదు. చాలా రోజుల తర్వాత మాటల్లో తెలిసింది, అదే వార్డులో ఆ నెలలోనే ఇంకో ఇద్దరికి గుచ్చుకుందని, వాళ్ళూ నోరు విప్పలేదని. సూదులు వేసే డబ్బా గది చివర కిటికీ దగ్గర ఉండేది. అంతదూరం సూది పట్టుకుని నడవలేక అందరం అక్కడికక్కడే మూత పెట్టేవాళ్ళం. ముగ్గురం చెప్పి ఉంటే ఆ డబ్బా మంచం పక్కకు వచ్చేది. నా మౌనం వల్ల తర్వాత ఎంతమందికి గుచ్చుకుందో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే నువ్వు ఇప్పుడైనా రాసి ఇవ్వాలి. గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు. తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు చాలు: "ఫలానా తేదీ రాత్రి ఫలానా వార్డులో ట్రే సర్దుతుండగా వాడిన సూది నా ఎడమచేతి వేలికి గుచ్చుకుంది. భయంతో వెంటనే చెప్పలేకపోయాను. పరీక్షలు మొదలుపెట్టాను. దయచేసి రిజిస్టరులో నమోదు చేసి, టీకా వేయించగలరు." నర్సింగ్ ఇన్‌చార్జికి ఇచ్చి, ఇంకో కాపీ మీద సంతకం తీసుకో. ఎవరైనా గట్టిగా మాట్లాడితే 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఒకటుందని గుర్తుపెట్టుకో. ప్రమాదం ఉన్న చోట పనిచేసే అందరికీ జాగ్రత్త సామగ్రి, శిక్షణ, గుచ్చుకుంటే మందులు ఆసుపత్రే ఇవ్వాలని అందులో ఉంది. సందేహముంటే 1097కు ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు.

ఆ సూది కాటన్ కిందికి ఎలా వచ్చింది? ఎవరో వాడి అక్కడ పెట్టారు. ఎవరు వాడిన సూది వాళ్ళే, వాడిన చోటే, గుచ్చుకోని తెల్ల డబ్బాలో వేయాలి. మూత తిరిగి పెట్టకూడదు. ఆ డబ్బా ముప్పాతిక నిండగానే మార్చాలి. వేరేవాళ్ళ ట్రే సర్దమంటే "సిస్టర్, షార్ప్స్ (సూదులు, బ్లేడ్ల లాంటివి) తీసేశారా?" అని అడిగాకే చెయ్యి పెట్టు. కాటన్‌ను వేళ్ళతో ఎత్తకు, ఫోర్సెప్స్‌తో, అంటే పట్టకారుతో ఎత్తు. మిగతా రంగులు నీకు కోర్సులో చెప్పే ఉంటారు: రక్తమంటిన దూది, కట్లు పసుపులోకి, ట్యూబులు, యూరిన్ బ్యాగులు, గ్లవ్స్ ఎరుపులోకి, గాజు సీసాలు నీలంలోకి.

ఇక నీ రెండో ప్రశ్న. ఎవరికి ఏ జబ్బో మాకెందుకు చెప్పరు అని. నీ కోపం నాకు అర్థమైంది, కానీ ఈ విషయంలో నీతో ఏకీభవించను. తెలిస్తే జాగ్రత్తగా ఉంటామంటున్నావు. అంటే తెలియకపోతే ఉండమనే కదా? మన దగ్గరికి ఆదోని నుంచో పత్తికొండ నుంచో రాత్రి పన్నెండుకు యాక్సిడెంట్ కేసు వస్తుంది. అతనికేముందో అతనికే తెలియదు. పరీక్ష చేసినా, కొత్తగా సోకినవాళ్ళకు కొన్ని వారాలు రిపోర్టు మామూలుగానే వస్తుంది. నేను కళ్ళారా చూశాను. హెచ్‌ఐవీ ఉన్న ఒక ఆడమనిషికి అన్నం కంచం నేలమీద పెట్టి కాలితో జరిపినవాళ్ళే, పక్క మంచం మీద ఊరూ పేరూ తెలియని మనిషి రక్తాన్ని ఒట్టిచేత్తో తుడిచారు. మొదటిది పాపం, రెండోది ప్రమాదం. కంచం అందిస్తే హెచ్‌ఐవీ రాదు. ఎవరి రక్తమైనా, ఎవరి మలమూత్రాలైనా, ఎవరి పుండు రసమైనా, అందులో ఏదో ఉందనుకునే ముట్టుకోవాలి. అప్పుడు ఎవరి పేరూ అడగక్కర్లేదు, ఎవరినీ దూరం పెట్టక్కర్లేదు.

అయితే ఒకటి మాత్రం నువ్వు తప్పకుండా అడగాలి. జబ్బు పేరు కాదు, జాగ్రత్త పేరు. "సిస్టర్, ఈ బెడ్‌కు గాలి జాగ్రత్త ఏమైనా ఉందా? విరేచనాల కేసా?" అని డ్యూటీ మార్చుకునేటప్పుడు అడుగు. ఎందుకంటే టీబీ, తట్టు, ఆటలమ్మ గాలిలో వస్తాయి, గ్లవ్స్ వాటిని ఆపవు. మన జిల్లాల్లో రాతి క్వారీల్లో, క్రషర్లలో ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చినవాళ్ళున్నారు. సిలికోసిస్ వచ్చిన ఊపిరితిత్తులకు టీబీ ముప్పు ఎక్కువ. రెండు వారాలు దాటి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్న పేషంటు వస్తే రిపోర్టు వచ్చేదాకా ఆగకు. అతనికి మామూలు మాస్కు పెట్టించు, నువ్వు ఎన్95 పెట్టుకో, కిటికీలు రెండు వైపులా తెరువు. నువ్వు పెట్టుకునే మామూలు మాస్కు నీ తుంపర్లు అవతలివాళ్ళ మీద పడకుండా ఆపుతుంది గానీ, అంచుల్లోంచి వచ్చే గాలిని ఆపదు. ఏసీ గదిలో తలుపులు బిగించి దగ్గే పేషంటును పెట్టుకోవడం కంటే, ఉక్కపోసినా గాలి ఆడే వార్డు నయం.

విరేచనాల కేసు ఎందుకు అడగమన్నానంటే, కొన్ని క్రిములు శానిటైజర్‌కు చావవు. అక్కడ సబ్బు, నీళ్ళే.

గ్లవ్స్ దగ్గరికి వద్దాం. మన ఇళ్ళల్లో ఊరగాయ జాడీ దగ్గర ఎంత నిష్ఠగా ఉంటాం! తడి చెయ్యి పెట్టనివ్వరు, ఎంగిలి గరిటె ముంచనివ్వరు. జాడీలో ఉన్నదానికి భయపడి కాదు, చేతితో వచ్చేదాని వల్ల ఏడాది ఊరగాయ బూజు పడుతుందని. ప్రతి పేషంటూ ఒక జాడీ అనుకో. రెండు జతల గ్లవ్స్‌తో 14 మందిని చూడటమంటే ఒకే గరిటెను 14 జాడీల్లో తిప్పడమే. గ్లవ్స్ నిన్ను కాపాడుతున్నట్టే ఉంటాయి, 3వ బెడ్ పుండులోది 4వ బెడ్ క్యాథెటర్‌కు (మూత్రం గొట్టానికి) చేరుస్తాయి. శానిటైజర్ పూస్తే రబ్బరు పాడై కంటికి కనబడని చిల్లులు పడతాయి. ఆ అలవాటు ఎవరు చెప్పినా తప్పే.

అడగడం ఎలా అంటావా? ఊరికే "గ్లవ్స్ చాలవు" అంటే ఎవరూ వినరు. ఒక రాత్రి చేసే పనులన్నీ రాసుకో. బీపీ, టెంపరేచర్ చూడటం, వీల్‌చైర్ తోయడం, అన్నం తినిపించడం, ఇలాంటివాటికి చర్మం మీద తడీ పుండూ లేకపోతే గ్లవ్స్ అక్కర్లేదు, శుభ్రమైన చెయ్యి చాలు. చాలా ఆసుపత్రుల్లో గ్లవ్స్ అక్కర్లేని పనులకు ఖర్చయిపోయి, కావలసిన పనికి లేకుండా పోతాయి. డైపర్ మార్చేటప్పుడు, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసేటప్పుడు, వాంతి ఎత్తేటప్పుడు, నోరు శుభ్రం చేసేటప్పుడు, షుగర్ చూసేటప్పుడు మాత్రం ప్రతి మనిషికీ కొత్త జత. డైపర్లు ఉన్నవాళ్ళు ఐదుగురు ఉండి రెండేసి సార్లు మారిస్తే 10, క్యాథెటర్ ఉన్న నలుగురికి రెండేసి సార్లు 8, షుగర్ చూసేవాళ్ళు 6. మొత్తం 24 జతలు. 100 గ్లవ్స్ డబ్బాలో 50 జతలుంటాయి, అంటే రెండు రాత్రులకు ఒక డబ్బా. ఈ లెక్క సిస్టర్‌ను వెంటపెట్టుకుని ఇన్‌చార్జికి చూపించు. లెక్క చూపిస్తే కాదనడం కష్టం, ఒకరికి ఇద్దరు అడిగితే ఇంకా కష్టం.

గ్లవ్స్ వచ్చినా చేతులు శుభ్రం చేసుకోవడం తప్పదు. తొడుక్కునేముందూ, తీశాకా. పేషంటును ముట్టుకునేముందు, పుండూ ట్యూబూ లాంటి శుభ్రమైన పనికి ముందు, రక్తం, మలమూత్రాలు తగిలాక, పేషంటును వదిలి వచ్చేటప్పుడు, ఇవి అందరికీ గుర్తుంటాయి. పేషంటును ముట్టుకోకుండా మంచం పట్టె, లాకరు, సెలైన్ స్టాండ్ ముట్టుకుని వచ్చేస్తాం చూడు, అప్పుడు కూడా. దాన్నే మరిచిపోతాం. శానిటైజర్ అయితే తడి ఆరేదాకా 20 నుంచి 30 సెకన్లు, సబ్బయితే 40 నుంచి 60. వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళ కొనలు. నీ ఫోనుకు కూడా చేతులకు అంటినదే అంటుకుంటుంది, డ్యూటీలో జేబులోంచి తీయకు.

గాజుల సంగతి చాలామంది అడగరు, మొహమాటపడతారు. గాజులు, ఉంగరం కింద సబ్బు చేరదు, క్రిములు నిలుస్తాయి. డ్యూటీలో తీసి బ్యాగులో పెట్టుకో, ఇంటికి వెళ్ళేముందు వేసుకో. తాళి లోపలికి వేసుకుంటే చాలు. చేతులు పగిలితే ఆ పగుళ్ళే క్రిములకు దారి. అస్తమానం సబ్బు కంటే గ్లిజరిన్ కలిసిన శానిటైజర్ చర్మానికి మెత్తన. ఇంటికొచ్చాక కొబ్బరినూనె రాసుకో, డ్యూటీకి ముందు మాత్రం వద్దు, నూనెకు రబ్బరు గ్లవ్స్ పాడవుతాయి.

నీ చేతిమీదుగా జరిగే రెండు పనుల గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. ఒకటి షుగర్ పరీక్ష. వేలు పొడిచే సూది ఒకరికి ఒకటే, అది అందరికీ తెలుసు. ఆ సూది పెట్టే పెన్నును కూడా పేషంట్ల మధ్య మార్చకూడదు. దాని కొనకు కనబడనంత రక్తం అంటుతుంది. హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తంలో కూడా ఏడు రోజులు బతకగలదు. వార్డులో పెన్ను వాడుతుంటే ఆపించు, ఒక్కసారి పొడిచి పారేసే లాన్సెట్లు అడుగు. మీటరును ప్రతి మనిషి తర్వాతా తుడువు.

రెండోది యూరిన్ బ్యాగ్. పేషంటును స్కానింగ్‌కు తీసుకెళ్ళేటప్పుడు స్ట్రెచర్ మీద, అతని పొట్టమీదో కాళ్ళ మధ్యో బ్యాగ్ పెట్టేస్తాం. ఆ పది నిమిషాల్లో బ్యాగులోది వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. మూడో రోజు చలిజ్వరం వస్తే ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. బ్యాగ్ ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు. ఖాళీ చేసే మగ్గు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఉండాలి, బ్యాగ్ కింది గొట్టం దానికి తగలకూడదు. అందరికీ ఒకే మగ్గుతో వరసగా పోసుకుంటూ పోవడం నేను చాలాచోట్ల చూశాను. నువ్వు ఆ పని చేయకు.

మాసిన దుప్పట్లు దులపకు, ఎదకు హత్తుకుని మోయకు, లోపలికి చుట్టి నేరుగా సంచిలో వెయ్యి.

రక్తం కింద పడితే గ్లవ్స్ వేసుకుని, దాని మీద కాగితమో గుడ్డో కప్పి, 1 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) పోసి 10 నిమిషాలు వదిలి తుడవాలి. 5 శాతం ద్రావణం ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్ళు కలిపితే 1 శాతం అవుతుంది. కర్నూలు ఎండలకు ఈ మందు తొందరగా బలం కోల్పోతుంది. ఏ రోజుది ఆ రోజే కలిపి, సమయం రాసి, మూతపెట్టి నీడలో ఉంచండి. బాత్రూమ్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఇక పాప. మీ అత్తగారి భయంలో కొంత నిజముంది, ఆమెతో పోట్లాడకు. యూనిఫాం ఆసుపత్రిలోనే మార్చుకుని కవర్లో తెచ్చుకో. చెప్పులు గడప బయట వదిలి, సబ్బుతో చేతులు కడుక్కుని, స్నానం చేసి పాపను ఎత్తుకో. ఆ బట్టలు విడిగా, వేడినీళ్ళలో సర్ఫుతో ఉతికి ఎండలో ఆరెయ్యి. ఆ తర్వాత ముద్దు పెట్టుకున్నా, పక్కలో పడుకోబెట్టుకున్నా ఏమీ కాదు. సూది గుచ్చుకున్నంత మాత్రాన నీ ముద్దుతో, నువ్వు తినిపించే ముద్దతో పాపకు హెచ్‌ఐవీ రాదు. హెపటైటిస్ బి టీకా మన పిల్లలకు పుట్టినప్పుడు ఒకటి, ఆ తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్‌తో కలిపి వేస్తారు. పాప టీకాల కార్డు తీసి అవన్నీ పడ్డాయో లేదో ఈ రాత్రే చూడు. ఏదైనా ఖాళీగా ఉంటే రేపు నీతోపాటు పాపనూ తీసుకెళ్ళు.